పాత లెక్కకు కాపలా

కొలిమిగుండ్ల చుట్టుపక్కల, బెలుం గుహలకు పోయే దారిలో ఎటు చూసినా నాపరాళ్ళే. గనిలోంచి లేపిన బండలు, కొలతకు కోసిన బండలు, పాలిష్ పట్టి వరసగా నిలబెట్టిన బండలు. అక్కడి గుమాస్తాలు ఖాతాలకు పేర్లు పెట్టే తీరు చూడదగ్గది. ఉత్త సుబ్బారెడ్డి పేరున ఖాతా తెరవరు. అవుకు సుబ్బారెడ్డి, తాడిపత్రి సుబ్బారెడ్డి, లారీల సుబ్బారెడ్డి అని రాస్తారు. పేరుకు ముందు ఊరో పనో తగిలించకపోతే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుందని చిట్టా, ఆవర్జాల కాలం నుంచీ వాళ్ళకు తెలుసు. ఒకే మనిషికి రెండు ఖాతాలు పడినా అంతే నష్టం. ఒకదాంట్లో జమ, ఇంకోదాంట్లో బాకీ నిలిచిపోయి, కట్టిన డబ్బునే మళ్ళీ అడగాల్సి వస్తుంది.

ఆ బండల మధ్య, ఆ ఖాతాల మధ్య పెరిగిన ఒక అకౌంటెంటు ఇప్పుడు నంద్యాలలో చిన్న ఆఫీసు పెట్టుకుని అమెరికా సంస్థలకు లెక్కలు రాస్తున్నారు. పేరు రాయొద్దన్నారు. ఆమె పని దగ్గరగా చూశాక రెండు పనితనాల గురించి రాయాలనిపించింది. ఒకటి ఆమెది. రెండోది ఆమె వాడే క్విక్‌బుక్స్‌లో ఉన్న ఒక చిన్న పాస్‌వర్డ్ కిటికీది. చాలామంది విసుక్కునే ఆ కిటికీ, నా దృష్టిలో, ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో ఎంతో ఆలోచించి కట్టిన భాగం.

క్విక్‌బుక్స్‌ను తయారుచేసిన ఇంట్యూట్ 1983లో మొదలైంది, క్విక్‌బుక్స్ 1992లో వచ్చింది. మన దేశంలో చిన్న వ్యాపారాలకు టాలీ ఎలాగో, అమెరికాలో చిన్న వ్యాపారాలకు అది అలాగ. ఇండియాలో ఆ సేవను కంపెనీ 2023లో ఆపేసింది. కాబట్టి నంద్యాలలో క్విక్‌బుక్స్ తెరిచి ఉందంటే అది సముద్రం అవతలి లెక్కే. డెస్క్‌టాప్‌లో నడిచే ప్రో, ప్రీమియర్ రకాలను కొత్తవాళ్ళకు అమ్మడం అమెరికాలోనూ 2024 సెప్టెంబరుతో ఆగిపోయింది గానీ, ఏళ్ళ తరబడి వాటిలో రాసుకున్నవాళ్ళ పుస్తకాలు ఇంకా వాటిలోనే నడుస్తున్నాయి. నేను చూసిన ఫైలు అలాంటిదే.

అది అమెరికాలో ఒక గుడి లెక్క. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు అమెరికా గుళ్ళకూ వెళ్తుంటాయి. అలాంటి గుళ్ళకు భక్తులిచ్చే విరాళాల పద్దు ఆళ్ళగడ్డకు దగ్గర్లోనే రాయడం నాకు ముచ్చటగా అనిపించింది. గుడికి కస్టమర్లు ఉండరు గదా, దాతలనే కస్టమర్ల జాబితాలో రాసుకుంటారు. విరాళం ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక ఖాతా.

తెలుగువాళ్ళ పేర్లు ఆ జాబితాలో చేసే గందరగోళం అంతా ఇంతా కాదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. అక్కడి ఫారంలో మొదటి గడి అసలు పేరుకు, చివరి గడి ఇంటిపేరుకు. పాణ్యం వెంకట శ్రీనివాస రెడ్డి అనే ఆయన ఉన్నాడనుకుందాం. పాస్‌పోర్టులో ఒకలా, చెక్కు మీద పి.వి. శ్రీనివాస రెడ్డి అని ఒకలా, గుడి వెబ్‌సైటులో శ్రీని పాణ్యం అని ఒకలా పడతాడు. అభిషేకం టిక్కెట్టు రాసిన వాలంటీరు రెడ్డి శ్రీనివాస్ అని రాస్తాడు. జాయింటు ఖాతా చెక్కు మీద భార్య పేరు ముందుంటే అదింకో ఖాతా. మనిషి ఒక్కడే, ఆవర్జాలో ఐదు చోట్ల కూర్చున్నాడు. క్విక్‌బుక్స్ ఒకే పేరును రెండుసార్లు ఒప్పుకోదు, కానీ అది చూసేది అక్షరాలను. పొట్టి అక్షరం పక్కన ఒక చుక్క పెడితే చాలు, దానికది వేరే పేరు.

ఇలాంటి నకళ్ళను కలపడానికి క్విక్‌బుక్స్‌లో ఉన్న పద్ధతి చూస్తే కట్టినవాడి తెలివి తెలుస్తుంది. కస్టమర్లను మెర్జ్ చేయడానికని విడిగా మీట ఏమీ వెతుక్కోనక్కర్లేదు. తీసేయాల్సిన ఖాతాను తెరిచి, దాని పేరును ఉంచాల్సిన ఖాతా పేరులాగే, చుక్కతో సహా అచ్చు అలాగే మార్చి ఓకే నొక్కాలి. ఈ పేరు ఇప్పటికే వాడుకలో ఉంది, రెండూ కలపమంటారా అని అడుగుతుంది. ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదన్న నియమాన్నే కలిపే దారిగా మార్చారన్నమాట. టాలీ కూడా ఒక పేరుకు రెండు లెడ్జర్లు ఒప్పుకోదు, కానీ అక్కడితో ఆగిపోతుంది. క్విక్‌బుక్స్ ఆ నిరాకరణలోంచే ఒక ప్రశ్న పుట్టించింది. అవునంటే, పోయే ఖాతా కిందున్న ప్రతి రశీదూ ప్రతి ఇన్‌వాయిసూ నిలిచే ఖాతా కిందికి చేరిపోతాయి. పోయే ఖాతాలోని చిరునామా, ఫోను, నోట్సు మాత్రం మాయమవుతాయి. వెనక్కి తీసుకునే వీలు లేదు.

ఆ ఆఫీసులో ఈ మధ్యే చేరిన కుర్రాడు ఆ పని మీద కూర్చున్నాడు. కాసేపటికి పిలిచాడు.

"అక్కా, పాస్‌వర్డ్ అడుగుతాండాది. నాది కొడితే తీసుకోల్యా."

"ఎప్పుడు అడిగింది?"

"రెండూ కలపమంటావా అంటే ఎస్ కొట్టినా. అప్పుడు."

"పొద్దున కలిపినవాటికి?"

"వాటికి ఒక్కదానికీ అడగల్యా."

"ఇంకేం కొట్టొద్దు. క్యాన్సిల్ చేసి పక్కనుండు."

ఆమె అడిగినవి రెండూ సమయం గురించిన ప్రశ్నలే. ఏ పాస్‌వర్డ్ అని కుర్రాడిని అడగలేదు, ఎందుకంటే అతనికి తెలిసి ఉంటే పిలిచేవాడే కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డులు ఒకటి కాదు. ఫైలు తెరిచేటప్పుడు అడిగేది ఎవరి లాగిన్‌కు వాళ్ళది. ఇంటర్నెట్‌తో పని పడినప్పుడు అడిగేది ఇంట్యూట్ అకౌంటుది. దాతల క్రెడిట్ కార్డు నంబర్లు దాచుకునే ఫైలైతే, కార్డు రక్షణ కోసం ప్రతి 90 రోజులకూ లాగిన్ పాస్‌వర్డు మార్చమని పట్టుబడుతుంది. వీటిలో ఒక్కటీ మెర్జ్‌కు ఎస్ కొట్టిన క్షణంలో రాదు. పొద్దున కలిపినవాటికి అడగకుండా ఈ జంటకే అడిగిందంటే, తేడా ఆ కుర్రాడిలోనో కంప్యూటర్‌లోనో లేదు, ఆ రెండు పేర్ల కిందున్న ఎంట్రీల్లో ఉంది. రెండు జవాబులతో ఆమె అంతవరకూ వచ్చేశారు.

తర్వాత చేసిన పని ఇంకా బాగుంది. అసలు ఫైలు ముట్టుకోలేదు. బ్యాకప్ తీసి, దాన్ని వేరే చోట తెరిచి, ఆ కాపీ మీద పరీక్ష పెట్టారు. ఈ ఏడాదే మొదటిసారి గుడికి వచ్చిన ఒక దాత రెండు పేర్లు తీసుకుని కలిపారు. ఏ అడ్డూ లేకుండా కలిసిపోయాయి. మూడేళ్ళుగా విరాళాలిస్తున్న ఇంకొక దాత రెండు పేర్లు తీసుకున్నారు. ఎస్ కొట్టగానే కిటికీ వచ్చింది. అప్పుడు కిటికీలోని వాక్యం నెమ్మదిగా చదివి కుర్రాడికి చూపించారు. మూసేసిన కాలానికి చెందిన లెక్కను మారుస్తున్నారని అందులో ఉంది. అతను పాస్‌వర్డ్ అన్న మాట ఒక్కటే చూసి, పై వాక్యం వదిలేశాడు. అలా వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఎస్ నొక్కీ నొక్కీ వేలు అలవాటు పడిపోయి ఉంటుంది.

ఆ కిటికీ పేరు క్లోజింగ్ డేట్ పాస్‌వర్డ్. దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

క్విక్‌బుక్స్‌లో ఏడాది చివర పుస్తకం మూసే తంతు అంటూ లేదు. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవగానే ఆదాయ వ్యయాలు సున్నా నుంచి మొదలవుతాయి, పోయినేడు మిగిలిందో తగ్గిందో ఆ మొత్తం దానంతటదే రిటైన్డ్ ఎర్నింగ్స్ ఖాతాలో చేరిపోతుంది. పాత ఎంట్రీలు మాత్రం తెరిచినట్టే ఉంటాయి. ఎవరైనా నాలుగేళ్ళ కిందటి రశీదు తెరిచి అంకె దిద్దవచ్చు. అందుకని ఆ ఏడాది లెక్కలు చూసి సంతకం పెట్టిన సీపీఏ (అక్కడి చార్టర్డ్ అకౌంటెంటు), గుడి పెద్దలు కలిసి ఒక తేదీ పెట్టుకుంటారు. ఈ తేదీ వరకు ఉన్నది ఏది మారినా పాస్‌వర్డ్ కావాలి అని. ఈ గుడి ఆ తేదీని డిసెంబరు 31గా పెట్టుకుంది. మన కుర్రాడి మనసులో ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరిలో కూర్చుని డిసెంబరు రశీదు ముట్టుకుంటే అది ఇంకా ఈ ఏడాదిదే అనుకోవడం అతనికి సహజం. కిటికీ అతనికి అనుకోకుండా వచ్చింది అందుకే.

ఆ తేదీ చేసే పనేమిటో బెలుం గుహను తలచుకుంటే తెలుస్తుంది. బెలుంలో మెట్లు దిగిన సందర్శకుడు నడిచేది ఒకటిన్నర కిలోమీటరు. గుహ కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహ ఉనికిని రాసిపెట్టాక దాదాపు వందేళ్ళకు, 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి దాన్ని కొలిచారు. 2002లో జనానికి తెరిచారు. దీపాలున్నంత మేరా మన నడక, కానీ మన దారి ఆగిన చోట గుహ ఆగదు. అవతల కూడా అదే సున్నపురాయి, నీళ్ళు తొలిచిన అదే సొరంగం. క్లోజింగ్ డేట్ కూడా లెక్కను రెండు ముక్కలు చేయదు, మామూలు మనిషి ఎంతవరకు నడవాలో మాత్రం చెబుతుంది. దాత పేరు ఆ గీతకు రెండు వైపులా పారుతూనే ఉంటుంది. ఇవతల నిలబడి పేరు మార్చినవాడు తనకు తెలియకుండానే అవతలి చీకట్లో కూడా అడుగుపెట్టినట్టు.

ఇక్కడే తెలివైనవాళ్ళకూ ఒక అనుమానం వస్తుంది. మెర్జ్ వల్ల మొత్తం ఏమీ మారదు కదా? పోయినేడు వచ్చిన విరాళాల మొత్తం అంతే, బ్యాంకు నిల్వ అంతే, ట్రయల్ బ్యాలెన్స్‌లో ఒక్క పైసా కదలదు. శ్రీని పాణ్యం పేరున ఉన్నది శ్రీనివాస రెడ్డి పేరున పడింది, అంతే. మరి ఈ కాపలా ఎందుకు?

ఎందుకో గుడి లెక్కలోనే కనబడుతుంది. అమెరికాలో ఒక్కో విడతలో 250 డాలర్లకు తగ్గకుండా విరాళమిచ్చినవాళ్ళు పన్ను మినహాయింపు కోరాలంటే, సంస్థ ఇచ్చిన రాతపూర్వక రశీదు దగ్గరుండాలి. గుళ్ళు ఏడాది దాటగానే దాతలకు ఉత్తరాలు పంపుతాయి. మీ పేరున పోయినేడు ఇంత వచ్చింది అని. పాణ్యం వారికి రెండు పేర్లతో రెండు ఉత్తరాలు వెళ్ళి ఉంటాయి. వాటిని పట్టుకుని ఆయన పన్ను కాగితాలు వేసి ఉంటాడు. ఇప్పుడు ఖాతాలు కలిపేస్తే, గుడి పుస్తకంలో పోయినేటికి ఒకే పేరు, ఒకే మొత్తం కనబడుతుంది. బయటికి వెళ్ళిన రెండు ఉత్తరాల్లో ఏ ఒక్కదానికీ అది సరిపోలదు. తర్వాతెప్పుడో ఆయన ఉత్తరం పోయిందని నకలు అడిగితే గుడి ఇచ్చేది వేరే అంకె. మొత్తం తప్పలేదు, కానీ ఎవరికి ఏం చెప్పామన్న చరిత్ర మారింది. లెక్క అంటే మొత్తాల సంగతి మాత్రమే కాదు, ఒక మనిషికి ఒక తేదీన చెప్పిన మాట కూడా. ఆ మాటను కాపాడటానికి ఆ కిటికీ పెట్టినవాళ్ళు పేరు మార్పును కూడా అంకె మార్పంత బరువుగా చూశారు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది అక్కడే.

ఇంకా లోపలికి చూస్తే ఇంకా నగిషీ కనబడుతుంది. తేదీ పెట్టి పాస్‌వర్డ్ పెట్టకపోతే హెచ్చరిక ఒక్కటే వస్తుంది, అవునంటే దారి ఇస్తుంది. పాస్‌వర్డ్ పెడితే ఆగుతుంది. తేదీ పెట్టే చోటనే ఒక చిన్న గడి ఉంది. ఎస్టిమేట్లు, సేల్స్ ఆర్డర్లు, పర్చేజ్ ఆర్డర్లను ఈ కట్టడి నుంచి మినహాయించడానికి. అవి మాటలే గాని డబ్బు కాదు, ఆవర్జాను తాకవు. డబ్బు కదిలిన కాగితానికీ, కదులుతుందని చెప్పిన కాగితానికీ ఉన్న తేడా తెలిసిన అకౌంటెంటు ఎవరో ఆ గడి పక్కన కూర్చుని ఉండాలి. పైగా, మూసిన తేదీకి ముందున్న ఎంట్రీలు మార్చే హక్కు ఏ యూజరుకు ఇవ్వాలి అన్నది విడిగా ఒక ప్రశ్న. ఇన్‌వాయిస్ రాసే హక్కున్నవాడికల్లా పాత ఇన్‌వాయిస్ దిద్దే హక్కు రాదు. తేదీ పెట్టడం, తీయడం అడ్మిన్ చేతిలో ఉంటుంది, ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో అకౌంటింగ్, కంపెనీ ప్రిఫరెన్సెస్ అడుగున. ఇంత చేసినా కన్నుగప్పి ఏదైనా జరిగితే చూసుకోవడానికి క్లోజింగ్ డేట్ ఎక్సెప్షన్ రిపోర్ట్ అని ఒకటుంది. తేదీ పెట్టాక, దానికి ముందున్న లెక్కల్లో ఏవి కదిలాయో అది చూపిస్తుంది.

మన అకౌంటెంటుకు ఆ పాస్‌వర్డ్ లేదు. ఇవ్వమని అడగనూ లేదు. పాస్‌వర్డు ఎలా దాటాలో చెప్పే దారుల జోలికి అసలే పోలేదు. గుడి ట్రెజరరుకు, వాళ్ళ సీపీఏకు కలిపి ఒక మెయిలు రాశారు. అందులో పట్టిక ఒకటి: దాత పేరు ఏయే రూపాల్లో ఉంది, ఒక్కో రూపం కింద పోయినేడు ఎంత, అంతకు ముందేడు ఎంత, ఏ ఉత్తరం ఏ పేరున వెళ్ళింది. చివర రెండు దారులు చెప్పి, మీరు ఏది అంటే అది చేస్తామన్నారు.

మొదటి దారి, కలపకుండా ఉండటం. నకలు పేరును ఇనాక్టివ్ చేస్తే జాబితాలో కనబడదు, కొత్త విరాళాలు దాని మీద పడవు, పాత చరిత్ర పంపిన ఉత్తరాలకు సరిపోలేలా ఉన్నచోటే ఉంటుంది. ఒక్క పాత ఎంట్రీ కదలదు. రెండో దారి, సీపీఏ సమ్మతితో అడ్మిన్ ఆ తేదీని కాసేపు వెనక్కి జరిపితే, సింగిల్ యూజర్ మోడ్‌లో ఫైలు తెరిచి మెర్జ్ చేసి, తేదీని మళ్ళీ యథాస్థానంలో పెట్టించడం. ఆ రెండో దారికి ముందు ఆమె తీసిపెట్టుకోవాల్సినవి కూడా రాశారు: ట్రయల్ బ్యాలెన్స్, దాతలవారీ బాకీల పట్టిక, ఏడాదివారీగా దాతల మొత్తాలు. మెర్జ్ తర్వాత మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి పట్టిక అచ్చంగా అలాగే ఉండాలి. మిగతావాటిలో కలిసిన పేర్ల దగ్గరే తేడా ఉండాలి, వేరే ఎక్కడా ఉండకూడదు. ఆఖరున ఎక్సెప్షన్ రిపోర్ట్ తీసి ఫైలుకు జతచేయాలి.

వాళ్ళు జవాబిచ్చేలోపు ఊరికే కూర్చోలేదు. కలిపే జంటల్లో ఏది పోవాలి, ఏది నిలవాలి అన్నది ఆమె మళ్ళీ చూశారు. కుర్రాడు కొత్త చిరునామా, ఇప్పటి ఈమెయిలు ఉన్న ఖాతాను నిలుపుతూ వచ్చాడు. చూడటానికి అదే సబబు. కానీ కదిలేవి పోయే ఖాతాలోని ఎంట్రీలు. పాత చరిత్ర ఉన్న ఖాతాను నిలిపి, ఈ ఏడాది పుట్టిన నకలును దాంట్లో కలిపితే కదిలేవి ఈ ఏడాది కాగితాలే. కొత్త చిరునామా పోతుందన్న భయం ఉంటే మెర్జ్‌కు ముందే దాన్ని పాత ఖాతాలో రాసుకోవాలి, అంతే పని. జాబితాలో చాలా జంటలు ఇలా దిశ మార్చడంతోనే తేలికపడ్డాయి. రెండు వైపులా పాత ఎంట్రీలున్నవే మిగిలాయి. నేను చూసిన పనిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. తాళం తీయమని అడగడానికి ముందు, తాళం దాకా పోవాల్సిన అవసరాన్ని తగ్గించుకున్నారు.

మన దేశంలోనూ చట్టం ఇదే వైపు వచ్చింది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ, మార్చిన తేదీతో సహా నమోదు చేయాలి, ఆ నమోదును ఆపే వీలుండకూడదు అన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నంద్యాల విత్తనాల వ్యాపారిదో, కొలిమిగుండ్ల బండల యూనిట్‌దో, కంపెనీగా నమోదై ఉంటే దానికీ వర్తిస్తుంది. టాలీ వాడేవాళ్ళకు పాస్‌వర్డ్ కిటికీలు వేరుగా వస్తాయి. అందులో టాలీవాల్ట్ పెడితే కంపెనీ పేరే చుక్కలుగా మారిపోతుంది, ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే డేటా తిరిగి తెరిచే దారి లేదు. యూజరు పాస్‌వర్డ్‌కూ దానికీ తేడా తెలియక కంగారుపడేవాళ్ళకు ఆమె చెప్పేదీ అదే ప్రశ్న. ఎప్పుడు అడిగింది, అంతకు ముందు నువ్వేం చేస్తున్నావు?

గుడి నుంచి జవాబు వచ్చింది. సీపీఏ మొదటి దారే మేలన్నారు, రెండు మూడు జంటలకు తప్ప. అక్కడ ఒకే దాతకు ఉత్తరం ఒకే పేరున వెళ్ళి, పైకం మాత్రం రెండు పేర్ల కింద పడి ఉంది. వాటికి ట్రెజరరు తేదీ జరిపారు, పని కాగానే మళ్ళీ పెట్టారు. పాస్‌వర్డు నంద్యాల దాకా రాలేదు.

జాబితాలో ఒక జంట మిగిలింది. పేరులో చుక్క తేడా కూడా లేదు, ఒకదాని మధ్యలో అదనంగా ఒక ఖాళీ జాగా ఉందంతే. చిరునామా ఒకటే. కుర్రాడు కలపబోయాడు. ఆమె చెక్కుల స్కాన్లు తెరిపించారు. బ్యాంకులు వేరు, సంతకాలు వేరు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఇళ్ళలో మామూలే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. రెండు ఖాతాలూ అలాగే ఉంచి, ఒక పేరు చివర తాత, ఇంకో పేరు చివర మనవడు అని చేర్పించారు.